చెస్ట్‌కి సోమవారం అని ఎవరు రాసిపెట్టారు?

మన దగ్గర ఏ జిమ్‌లో చేరినా చేతిలో పెట్టే చార్ట్ ఇంచుమించు ఒకటే, సోమవారం చెస్ట్, మంగళవారం బ్యాక్, తర్వాత షోల్డర్స్, ఆర్మ్స్, చివర్లో ఎప్పుడో కాళ్ళు, అవీ సగం మంది ఎగ్గొట్టేస్తారు. అంటే ఒక్కో కండకి వారంలో ఒక్కసారే పని. ఇదేదో మొదట్నుంచీ వస్తున్న పద్ధతి అనుకుంటాం గానీ, కానే కాదు.

కోడి రామ్మూర్తి నాయుడి కాలం నాటి తాలింఖానాల్లో చెస్ట్ డే, లెగ్ డే అన్న మాటే లేదు, దండీలు బస్కీలు రోజూ తీయాల్సిందే. అదే రోజుల్లో యూరప్‌లో పేరు మోగిపోయిన యూజెన్ శాండో కూడా తేలికపాటి డంబెల్స్‌తో రోజూ చెయ్యమనే చెప్పాడు. బరువు తక్కువ కాబట్టి రోజూ చేసినా ఒళ్ళు తట్టుకునేది. ప్లేట్లు వేసుకునే బార్‌బెల్స్ వచ్చి బరువులు పెరిగాక మధ్యలో ఒకరోజు గ్యాప్ తప్పనిసరైంది, అలా అమెరికాలో సోమ, బుధ, శుక్ర అనే లెక్క కుదురుకుంది. 1947లో మిస్టర్ అమెరికా అయిన స్టీవ్ రీవ్స్ చేసింది అదే, వారానికి మూడ్రోజులు, ప్రతిసారీ ఫుల్ బాడీ.

తర్వాత ఆర్నాల్డ్ తరం వచ్చింది. ఒళ్ళుని భాగాలుగా పంచుకుని వారానికి ఆరు రోజులు, ఒక్కో కండకి రెండు మూడు సార్లు, బోలెడన్ని సెట్లు (ఆగకుండా చేసే ఒక్కో విడతని సెట్ అంటారు). కానీ 1958లోనే డయానబాల్ అనే కండలు పెంచే స్టెరాయిడ్ మందు అమెరికా మార్కెట్లోకి వచ్చేసింది, కాబట్టి ఆ తరం ఛాంపియన్ల షెడ్యూల్‌ని మామూలోళ్ళు యథాతథంగా కాపీ కొట్టడం ఎంతవరకు కరెక్టో ఆలోచించుకోండి.

దీనికి ఎదురుతిరిగింది ఆర్థర్ జోన్స్. 1970లో నాటిలస్ అనే జిమ్ మెషీన్లు అమ్మకానికి పెట్టి, తక్కువ చెయ్యండి గానీ ప్రాణం పెట్టి చెయ్యండి అన్నాడు. మైక్ మెంట్జర్ అనే బాడీబిల్డర్ ఆ దారే పట్టాడు, మెంట్జర్ ప్రభావంతో డోరియన్ యేట్స్ వారానికి నాలుగు రోజులే జిమ్‌కెళ్ళి 1992 నుంచి 1997 దాకా వరసగా ఆరుసార్లు బాడీబిల్డింగ్‌లో పెద్ద టైటిల్ అయిన మిస్టర్ ఒలింపియా కొట్టాడు. అసలు తేడా ఇక్కడే వచ్చిందని నా అనుమానం, జనం యేట్స్ దగ్గర తక్కువ రోజులు తీసుకున్నారు, ఆర్నాల్డ్ దగ్గర ఎక్కువ సెట్లు తీసుకున్నారు, రెండూ కలిపి వారానికొకసారి ఒకే కండని చితక్కొట్టే చార్ట్ తయారైంది.

ఇక ల్యాబుల సంగతి. 1995లో మెక్‌డూగల్ అనే పరిశోధకుడి బృందం కుర్రాళ్ళ చేత ఒక చేతికే బైసెప్స్ చేయించి, రెండో చేతితో పోల్చి చూసింది. కండలో ప్రోటీన్ తయారీ 24 గంటలకి రెట్టింపు దాటింది, 36 గంటలకల్లా దాదాపు మామూలుకి వచ్చేసింది. మరి మిగతా వారమంతా ఆ కండ ఖాళీగా ఎందుకుండాలి? 2016లో షోన్‌ఫెల్డ్ అనే పరిశోధకుడు, ఆయన తోటివాళ్ళు అప్పటిదాకా వచ్చిన స్టడీలన్నీ కలిపి చూసి వారానికి ఒకసారి కంటే రెండుసార్లు మేలన్నారు. 2019లో మళ్ళీ వాళ్ళే ఎక్కువ స్టడీలతో లెక్కేసి, వారం మొత్తం మీద సెట్లు సమానంగా ఉంటే ఎన్ని రోజులకి పంచినా పెద్ద తేడా లేదని తేల్చారు.

అంటే సోమవారం చార్ట్ కూడా పనిచేస్తుంది, కాకపోతే చెస్ట్‌కి పన్నెండు సెట్లు ఒకేరోజు వేస్తే ఎనిమిదో సెట్ నుంచే రెప్స్ (ఒక సెట్‌లో ఎన్నిసార్లు ఎత్తామన్న లెక్క) పడిపోతాయి, ప్లేట్లు తీసేయాల్సి వస్తుంది, అదే సోమవారం ఆరు, గురువారం ఆరు వేస్తే రెండో సగం కూడా మంచి బరువుతోనే నడుస్తుంది.