నాగాలిం సీటు: 1993 జనవరిలో హేగ్‌లో ఏం జరిగింది?

కేంద్రంతో నాగా సాయుధ సంస్థ చర్చలు మళ్లీ ప్రత్యేక జెండా, రాజ్యాంగం దగ్గర ఆగాయన్న వార్త రాగానే రెండు రకాల పోస్టులు తిరగడం మొదలవుతుంది. నాగాలింకు, అంటే నాగా ఉద్యమం కోరే నాగాల దేశానికి, నెదర్లాండ్స్‌లోని హేగ్‌లో పుట్టిన ఒక అంతర్జాతీయ సంస్థలో సభ్యత్వం ఉంది కాబట్టి ప్రపంచం గుర్తించినట్టేనని ఒక వర్గం అంటుంది. అది నిత్యానంద కైలాస లాంటి ఉత్తుత్తి దేశాల క్లబ్బు, పట్టించుకోనక్కర్లేదని ఇంకో వర్గం అంటుంది. రెండూ తప్పే. ఈ రెండు తప్పుల మధ్య అసలు అడగాల్సిన ప్రశ్న పక్కకు పోతోంది.

ఆ సంస్థను యూఎన్‌పీఓ అంటారు. ఐక్యరాజ్యసమితిలో సీటు లేని జాతులు, ప్రజలు తమ కోసం పెట్టుకున్న వేదిక అది. ఎవరిని చేర్చుకోవాలి, ఎవరిని పక్కన పెట్టాలి అన్నది దాని నిబంధనల ప్రకారం సాగుతుంది, వాటికి మూలం సర్వసభ్య సభ. కైలాసతో దీనికి పోలికే లేదు. 2023 ఫిబ్రవరిలో జెనీవాలో కైలాస ప్రతినిధులు కూర్చున్నవి ఐరాస కమిటీల బహిరంగ చర్చలు, పేరు నమోదు చేసుకున్నవాళ్లు ఎవరైనా వెళ్లి మాట్లాడొచ్చు. వాళ్లు చెప్పింది పరిగణనలోకి తీసుకోబోమని మానవ హక్కుల కార్యాలయం వెంటనే ప్రకటించింది కూడా. సముద్రంలో పాత సైనిక కట్టడాన్ని 1967లో ఆక్రమించి సీలాండ్ అని ప్రకటించుకున్న కుటుంబం సంగతీ వేరే. యూఎన్‌పీఓలో ఉన్నవాళ్లు టిబెటన్లు, ఉయ్‌గుర్లు, క్రిమియా తాతార్లు, ఒగోనీలు. సొంత నేల, సొంత భాష, తరాల తరబడి చరిత్ర ఉన్న మనుషులు.

సంస్థ ఎలా పుట్టిందన్నది చాలామంది రాసిన కథే కాబట్టి దాని మీద ఎక్కువ ఆగను. 1991 ఫిబ్రవరి 11న హేగ్‌లోని పీస్ ప్యాలెస్‌లో, టిబెటన్లు, ఉయ్‌గుర్లు, ఎస్తోనియన్లు కలిసి ముందుకు తోయగా మొదలైంది. భగవద్గీతను ఎస్తోనియన్‌లోకి అనువదించిన లిన్నార్ట్ మాల్ అనే పండితుడు వ్యవస్థాపకుల్లో ఒకడు, మన పాఠకులకు ఇది ఆసక్తిగా ఉంటుందని చెబుతున్నాను. ఎనిమిది నెలలు తిరక్కుండానే, 1991 సెప్టెంబరు 17న, వ్యవస్థాపక సభ్యులైన ఎస్తోనియా, లాట్వియాలకు ఐరాసలో సీటు వచ్చేసింది. తర్వాత ఆర్మేనియా, జార్జియా, పలావ్ కూడా వెళ్లిపోయాయి. అప్పట్నుంచి ఈ సభలో సీటు దొరికితే ఐరాస గుమ్మం దాకా వచ్చినట్టేనన్న ఆశ చాలా ఉద్యమాల్లో పుట్టింది. ఇవాళ్టి ఫార్వర్డుల వెనక ఉన్నదీ ఆ ఆశే. కానీ ఆ దేశాలు బయటపడింది సోవియట్ యూనియన్ కూలడం వల్ల, లేదా ఐరాస పర్యవేక్షణలో ఉన్న భూభాగం స్వతంత్రం కావడం వల్ల. హేగ్ సభ్యత్వం వల్ల కాదు.

నా దృష్టిలో అసలు మలుపు 1993 జనవరి. ఆ ఒక్క నెలలో తూర్పు తిమోర్, నైజీరియాలోని ఒగోనీలు, ఖలిస్తాన్, నాగాలిం, నలుగురూ సభ్యులయ్యారు. అప్పటికే సభ్యురాలైన అబ్ఖాజియా ఆ సమయంలో, ఐరాసలోకి వెళ్లిపోయిన మాజీ సభ్యురాలు జార్జియాతో యుద్ధం చేస్తోంది, అంటే ఒక సభ్యురాలు యుద్ధభూమిలో ఉండగానే ఈ కొత్తవాళ్లు లోపలికి వచ్చారు. చేరేవాళ్లు ఒప్పుకోవాల్సిన సూత్రాలు ఐదు: అహింస, మానవ హక్కులు, స్వయం నిర్ణయాధికారం, ప్రజాస్వామ్యం కలిపి ఒకటి, పర్యావరణ పరిరక్షణ, సహనం. ఉగ్రవాదాన్ని ఒక విధానంగా వాడబోమని కూడా మాటివ్వాలి. సైన్యం లేదు, డబ్బు లేదు, ఐరాస హోదా లేదు, అలాంటి సంస్థకు విలువ ఇచ్చేది ఆ మాట ఒక్కటే. ఆ నెల చేరిన నలుగురిలో ఎవరు దాన్ని నిలబెట్టుకున్నారన్నదే అసలు విషయం.

ఒగోనీల సంగతి కాస్త వివరంగా చెప్పాలి. నైజర్ డెల్టాలో సుమారు వెయ్యి చదరపు కిలోమీటర్ల చిన్న ప్రాంతం వాళ్లది, జనం ఐదు లక్షల దాకా. 1958 నుంచి అక్కడ షెల్ కంపెనీ చమురు తీసింది. పైపులు పగిలి చేలు, వాగులు నల్లబడ్డాయి, గ్యాసు మంటలు ఊళ్ల పక్కనే రాత్రీ పగలూ మండాయి, ఆదాయంలో మాత్రం ఊళ్లకు దక్కింది దాదాపు ఏమీ లేదు. రచయిత కెన్ సారో-వివా నాయకత్వంలో 1993 జనవరి 4న దాదాపు మూడు లక్షల మంది రోడ్డెక్కారు, అంటే ఆ జాతిలో సగానికి పైగా జనం, చేతుల్లో ఆకుల కొమ్మలు పట్టుకుని. తుపాకీ లేదు. అదే నెల హేగ్ సభలో వాళ్లకు సభ్యత్వం వచ్చింది, సారో-వివా సర్వసభ్య సభకు ఉపాధ్యక్షుడయ్యాడు. ఆ ఏడాదే షెల్ ఒగోనీ ప్రాంతంలో పని ఆపేసింది.

1994 మేలో నలుగురు ఒగోనీ పెద్దలు అల్లరి మూక చేతిలో హత్యకు గురయ్యారు. అది ఒగోనీల మధ్య జరిగిన ఘోరమే, దాచాల్సింది కాదు. సైనిక పాలకుడు అబాచా ప్రభుత్వం ఆ నేరాన్ని అక్కడ లేని సారో-వివా మీద మోపింది. అప్పీలు లేని ప్రత్యేక ట్రైబ్యునల్‌లో విచారించి, 1995 నవంబరు 10న ఆయన్నీ మరో ఎనిమిది మందినీ ఉరి తీసింది. కామన్వెల్త్ దేశాధినేతలు సరిగ్గా అప్పుడే ఆక్లాండ్‌లో సమావేశమై ఉన్నారు, మర్నాడే నైజీరియాను సస్పెండ్ చేశారు. 2025 జూన్‌లో నైజీరియా అధ్యక్షుడు టినుబు ఆ తొమ్మిది మందికీ క్షమాభిక్ష ప్రకటించాడు, చెయ్యని నేరానికి క్షమాభిక్ష ఏంటని ఒగోనీలు అడుగుతున్నారు, న్యాయంగానే అడుగుతున్నారు. హేగ్‌లో ఇచ్చిన మాటకు సారో-వివా ప్రాణంతో మూల్యం చెల్లించాడు. ఆ సభలో సీటు గురించి ఎవరు మాట్లాడినా ఆయన్ని కొలమానంగా పెట్టుకోవాలని నా అభిప్రాయం.

ఇప్పుడు మన దేశం నుంచి చేరిన రెండు పేర్లకు వద్దాం. ఖలిస్తాన్ పేరుతో పంజాబ్‌లో అప్పటికి దశాబ్దం పైగా రక్తం పారింది. ఆ సభ్యత్వం ఎక్కువ కాలం నిలవలేదు: 1993 ఆగస్టులోనే సస్పెండ్ చేశారు, 1995 జనవరిలో ఆ సస్పెన్షన్‌ను శాశ్వతం చేశారు. అంటే సభ తలుచుకుంటే చర్య తీసుకోగలదు. నాగాలిం మాత్రం ఇవాళ్టికీ సభ్యురాలే.

మరి నాగాలిం తరఫున ఉన్నది ఎవరు? ఎన్‌ఎస్‌సీఎన్-ఐఎం అనే నాగా సంస్థ. ఇసాక్ చిషీ సూ, ముయివా నాయకులుగా నడిచిన ఆ సంస్థకు అప్పుడూ ఇప్పుడూ సొంత సాయుధ దళం ఉంది. నాగాల బాధలు నిజం కావని ఎవరూ అనలేరు. 1987లో ఓయినాం దగ్గర అస్సాం రైఫిల్స్ పోస్టు మీద దాడి జరిగాక, భద్రతా దళాలు మణిపూర్ కొండ గ్రామాల్లో చేసిన పనుల మీద హక్కుల సంఘాలు కోర్టుకు వెళ్లాల్సి వచ్చింది. కానీ హేగ్‌లో అహింసకు మాటిచ్చిన ఎనిమిది నెలలకే, 1993 సెప్టెంబరు 13న, మణిపూర్‌లో వంద మందికి పైగా కుకీ తెగవాళ్లను చంపేశారు. జౌపి లాంటి గ్రామాల్లో ఇళ్లు ఖాళీ చేసి వెళ్లిపొమ్మన్నారని, దారిలో ఆపి చంపారని కుకీలు చెబుతారు. చేసింది ఎన్‌ఎస్‌సీఎన్-ఐఎం అనే వాళ్ల ఆరోపణ. ఏటా ఆ రోజును వాళ్లు బ్లాక్ డేగా పాటిస్తారు. ఖలిస్తాన్‌ను సస్పెండ్ చేసి అప్పటికి నెలన్నర కూడా కాలేదు. అదే కొలత ఇక్కడ ఎందుకు వాడలేదు?

నాగా పక్షం వాదన ఏంటంటే, తమది ఆక్రమణకు వ్యతిరేకంగా ఆత్మరక్షణ, చర్చలకు ఎప్పుడూ సిద్ధంగానే ఉన్నామని. చర్చలకు సిద్ధపడ్డ మాట నిజమే. 1995 జూన్‌లో మన పీవీ నరసింహారావు ప్రధానిగా పారిస్‌లో సూ, ముయివాలను కలిశారు. ముందస్తు షరతుల్లేకుండా, మూడో దేశంలో, ప్రధాని స్థాయిలో మాట్లాడుకోవాలన్న అవగాహన అక్కడ మొదలైంది. తర్వాత దేవెగౌడ, వాజ్‌పేయి కూడా విదేశాల్లో వాళ్లను కలిశారు. 1997 ఆగస్టు 1 నుంచి కాల్పుల విరమణ అమల్లోకి వచ్చింది. నాగాలకు నిజంగా దక్కినది ఏదైనా ఉంటే అది ఈ దారిలో దక్కిందే. హేగ్ సీటు వాళ్లకు విదేశాల్లో మాట్లాడే చోటిచ్చింది, అంతవరకు ఒప్పుకోవాలి. దాన్ని గుర్తింపుగా చూపించడం మాత్రం నాగా యువతను మభ్యపెట్టడమే.

ఢిల్లీ ఆ సభను అసలు లెక్క చెయ్యదు, పైకి చెప్పేది అదే. కానీ దాని మనుషులు అవసరపడినప్పుడు అదే ఢిల్లీ వైఖరి మారుతుంది. ధర్మశాల సమావేశానికి రావడానికి ఉయ్‌గుర్ నేత డోల్కున్ ఈసాకు 2016 ఏప్రిల్‌లో వీసా ఇచ్చి, చైనా అభ్యంతరం చెప్పాక రద్దు చేసింది. ఆయన యూఎన్‌పీఓ ఉపాధ్యక్షుడిగా కూడా పనిచేశారు. మరుసటి ఏడాది న్యూయార్క్‌లో ఐరాస ఆదివాసీ ఫోరం నుంచి ఆయన్ని భద్రతా సిబ్బంది బయటికి పంపేశారు. పెద్ద దేశాలు ఈ సభను పిల్లలాటగా చూస్తే, దాని ప్రతినిధిని ఒక గదిలోంచి బయటికి పంపడానికి ఇంత శ్రమ పడేవి కావు.

2015 ఆగస్టు 3న కేంద్రంతో ఫ్రేమ్‌వర్క్ ఒప్పందం కుదిరింది. ప్రత్యేక జెండా, ప్రత్యేక రాజ్యాంగం లేకుండా పరిష్కారం లేదని ముయివా వర్గం, అవి కుదరవని కేంద్రం, అప్పట్నుంచీ ఇదే ముడి. మణిపూర్ కొండలను కూడా కలుపుకున్న పెద్ద నాగాలిం మ్యాపు ఎప్పుడు బయటికొచ్చినా ఇంఫాల్ లోయలోనూ, కుకీ ఊళ్లలోనూ టెన్షన్ మొదలవుతుంది. 2001 జూన్‌లో కాల్పుల విరమణకు ప్రాంతీయ హద్దులు తీసేస్తున్నారన్న వార్తకే ఇంఫాల్‌లో అసెంబ్లీ భవనం తగలబడింది, కాల్పుల్లో 18 మంది చనిపోయారు. ఆ మ్యాపుకు మద్దతుగా హేగ్ సభ్యత్వాన్ని చూపించేవాళ్లు ఆ సభ నిబంధనల్లో మొదట ఉన్న మాట గురించి కూడా మాట్లాడాలి. సభ కూడా 1993 ఆగస్టులో ఒకరి విషయంలో తీసుకున్న నిర్ణయాన్ని సెప్టెంబరు తర్వాత రెండోవాళ్ల విషయంలో ఎందుకు తీసుకోలేదో కుకీలకు చెప్పాలి.