మానేస్తే ఏమవుతుంది? ఆందోళన మందుల నూట యాభై ఏళ్ల నేపథ్యం

2015 సెప్టెంబరులో నిజామాబాద్, మహబూబ్‌నగర్ జిల్లాల ప్రభుత్వ ఆసుపత్రులు ఒక్కసారిగా నిండిపోయాయి. ఊళ్ల నుంచి వచ్చినవాళ్లలో కొందరికి చేతులు ఆగకుండా వణుకుతున్నాయి, కొందరికి మెడ ఒక పక్కకు లాగేసింది, కొందరు తమలో తామే మాట్లాడుకుంటున్నారు, ఇంకొందరిని ఫిట్స్‌తో మోసుకొచ్చారు. నాలుగు రోజులుగా కంటిమీద కునుకు లేదని, ఎదుట లేని మనుషులు కనిపిస్తున్నారని చెప్పారు. వాళ్లు కొత్తగా ఏదో తిని జబ్బుపడినవాళ్లు కారు. కల్తీ కల్లుపై ఎక్సైజ్ శాఖ దాడులు పెంచడంతో దుకాణాలలో ఉన్నట్టుండి ఏమీ కలపని కల్లు పోశారు. ఏళ్ల తరబడి కల్లుతోపాటు ఒంట్లోకి వెళ్తున్న ఒక సరుకు ఆ రోజు నుంచి వెళ్లలేదు, అంతే.

ఆ సరుకు చాలాచోట్ల ఆల్ప్రాజోలం. తీవ్రమైన ఆందోళనకు, ఉన్నట్టుండి గుండె దడతో వచ్చే భయానికి డాక్టర్లు రాసే మాత్ర అది. పావు మిల్లీగ్రాము, అర మిల్లీగ్రాము బిళ్లలుగా ప్రతి పట్టణంలోనూ దొరుకుతుంది, జనం నోట ‘నిద్రగోళీ’గానో ‘టెన్షన్ మాత్ర’గానో నలుగుతుంది. కల్లు దుకాణానికీ మానసిక వైద్యుడి గదికీ మధ్య ఉన్న ఈ చుట్టరికం మనకు వింతగా తోచవచ్చు గానీ, ఆందోళనను అణిచే మందుల చరిత్రను మొదటి నుంచీ చూస్తే వింతేమీ కాదు. ఈ మందులు వచ్చిన ప్రతిసారీ ‘ఎక్కువ మింగితే చస్తారా’ అని ముందుగా అడిగారు. ‘కొన్నాళ్లు వాడి మానేస్తే ఏమవుతుంది’ అని మాత్రం బాగా ఆలస్యంగా అడిగారు.

మొదటి కృత్రిమ నిద్రమందు క్లోరల్ హైడ్రేట్. జర్మనీ రసాయన శాస్త్రవేత్త లీబిగ్ దీన్ని 1832లోనే తయారుచేసినా, నిద్ర పట్టించడానికి పనికొస్తుందని అదే దేశపు ఔషధ శాస్త్రవేత్త లీబ్రైక్ చెప్పింది 1869లో. ఆ తర్వాత, 1903లో వెరోనాల్‌తో బార్బిచ్యురేట్ల కాలం మొదలైంది. మన పెద్దవాళ్లకు ఫిట్స్ మాత్రగా తెలిసిన గార్డినాల్ ఆ వంశానిదే. వీటిలో నిద్ర పట్టించే మోతాదుకూ ప్రాణం తీసే మోతాదుకూ మధ్య దూరం తక్కువ. 1962లో హాలీవుడ్ నటి మార్లిన్ మన్రో మరణానికి కారణమని తేల్చినవి ఒక బార్బిచ్యురేటు, దానితోపాటు అదే పాత క్లోరల్ హైడ్రేటు. 1955లో అమెరికాలో విడుదలైన మెప్రోబమేట్ మాత్రలకు, న్యూజెర్సీలోని ఒక చిన్న ఊరి పేరు మీద మిల్‌టౌన్ అని పేరు పెట్టారు. అవి ఎంతగా అమ్ముడుపోయాయంటే మందుల దుకాణాలవాళ్లు ‘మిల్‌టౌన్ అయిపోయింది’ అని బోర్డులు పెట్టుకున్నారు. కొన్నేళ్లకే దానికీ జనం బానిసలవుతున్నారని తెలిసింది.

అదే న్యూజెర్సీలో, నట్లీలోని హాఫ్‌మన్ లా రోష్ ప్రయోగశాలలో లియో స్టెర్న్‌బాక్ అనే రసాయన శాస్త్రవేత్త పనిచేసేవారు. ఆయన చేసిన సమ్మేళనాలు వరసగా విఫలం కావడంతో ఆ పని పక్కన పెట్టమన్నారు. 1957లో బల్ల మీద పేరుకుపోయిన సామాను సర్దుతుండగా, అప్పటిదాకా పరీక్షకు పంపని ఒక సమ్మేళనం సహచరుడి కంటబడింది. పారేసే బదులు జంతువులపై పరీక్షకు పంపారు. అదే 1960లో లిబ్రియంగా బజారుకొచ్చింది. 1963లో దాని తమ్ముడు డయజెపామ్ వాలియం పేరుతో వచ్చింది. బెంజోడయజెపైన్లు అని పిలిచే ఈ వంశపు మందుల మీద డాక్టర్లకు అంత నమ్మకం కుదరడానికి న్యాయమైన కారణమే ఉంది. మద్యం, మత్తు నొప్పిమందులు వంటివి తోడు కాకుండా వీటిని ఒంటరిగా ఎక్కువ మింగినవాళ్లు బతికి బయటపడడమే ఎక్కువ. బార్బిచ్యురేట్ల మరణాలు చూసి విసిగిన వైద్యులకు అది చిన్న విషయం కాదు. అయితే అప్పటి కొలబద్ద అదొక్కటే అయిపోయింది.

రెండో కొలబద్ద అప్పటికే చేతికందింది కూడా. లిబ్రియం వచ్చిన మరుసటి ఏడాదే, 1961లో, కాలిఫోర్నియాలోని మాజీ సైనికుల ఆసుపత్రి వైద్యుడు లియో హోలిస్టర్ బృందం ఒక చిన్న పరిశీలనను ప్రచురించింది. కొన్ని నెలల పాటు రోజుకు 300 నుంచి 600 మిల్లీగ్రాముల దాకా, అంటే మామూలు మోతాదుకు పది రెట్లు మించి, ఆ మందు తీసుకున్న పదకొండు మంది రోగులకు, వాళ్లకు తెలియకుండా ఒక్కసారిగా ఉత్తుత్తి మాత్రలు ఇచ్చారు. పదిమందిలో కొత్త లక్షణాలు బయటపడ్డాయి. ఇద్దరికి ఫిట్స్ వచ్చాయి, అవీ మరునాడు కాదు, వారం తిరిగాక. ఆ పరీక్ష ఇప్పుడు చేస్తే ఏ నైతిక సంఘమూ ఒప్పుకోదు. కానీ అది చెప్పిన సంగతి స్పష్టంగానే ఉంది: ఈ మందుకు శరీరం అలవాటు పడుతుంది, ఆ అలవాటు తెగినప్పుడు కలిగే బాధ ఆలస్యంగా వస్తుంది కాబట్టి దాన్ని మందుతో ముడిపెట్టడం ఎవరికీ తట్టదు. మోతాదు మరీ ఎక్కువ కదా అని వైద్యలోకం ఆ వ్యాసాన్ని పక్కన పెట్టేసింది.

లోపల జరిగేది ఇది. మెదడులో నాడీకణాల ఉరుకును నెమ్మదింపజేసే గాబా అనే రసాయనం ఉంటుంది. బెంజోడయజెపైన్లు ఆ రసాయనం పట్టును బలపరుస్తాయి. రోజూ బయటి నుంచి బ్రేకు పడుతుంటే మెదడు తన సొంత బ్రేకును సడలించుకుంటుంది. మందు ఒక్కసారిగా ఆగితే పాత బ్రేకు ఉండదు, కొత్తదీ ఉండదు. నిద్ర పట్టకపోవడం, వణుకు, భ్రమలు, ఫిట్స్ అందుకే వస్తాయి. మోతాదు తక్కువైనప్పుడు ఇది మరో రూపంలో వస్తుంది: ఏ ఆందోళనకు మాత్ర వేసుకున్నారో ఆ ఆందోళనే రెట్టింపై తిరిగొస్తుంది. రోగి ‘నా జబ్బు తగ్గలేదు’ అనుకుంటాడు, డాక్టరూ అలాగే అనుకుంటాడు, చీటీ మళ్లీ రాస్తాడు.

1978లో ఒక్క అమెరికాలోనే 230 కోట్ల వాలియం మాత్రలు అమ్ముడయ్యాయి. మరుసటి ఏడాది సెనేటర్ ఎడ్వర్డ్ కెనెడీ వీటిపై విచారణ జరిపినప్పుడు, మాత్ర మానలేక నరకం చూసినవాళ్లు వచ్చి సాక్ష్యం చెప్పారు. ఆశ్చర్యమేమిటంటే, ఆ తర్వాత కూడా, 1980లో, బ్రిటన్ మందుల సమీక్షా సంఘం 1960 నుంచి 1977 దాకా తమ దేశంలో వీటికి బానిసలైనవాళ్లు 28 మందే ఉంటారని అంచనా వేసింది. అడగనిది లెక్కకు రాదు. 1982లో న్యూకాసిల్‌లో వైద్యురాలు హెదర్ ఆష్టన్ ఈ మాత్రలు మానాలనుకునేవాళ్ల కోసం ఒక క్లినిక్ తెరిచి పన్నెండేళ్లు నడిపారు. 1988 నాటికి బ్రిటన్ ప్రభుత్వ సలహా సంఘమే దారికొచ్చి, వీటిని తీవ్రమైన ఆందోళనకు, రెండు నుంచి నాలుగు వారాలకు మించకుండా రాయాలని చెప్పింది. అమెరికాలో ఈ వంశం మొత్తానికీ బానిసత్వం గురించీ మానేటప్పటి ప్రమాదం గురించీ డబ్బా గీసి హెచ్చరిక ముద్రించాలని అక్కడి మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ ఆదేశించింది 2020 సెప్టెంబరులో. హోలిస్టర్ వ్యాసానికీ ఆ ఆదేశానికీ మధ్య 59 ఏళ్లు.

ఈలోగా, 1981లో, అప్‌జాన్ కంపెనీ ఆల్ప్రాజోలాన్ని జానాక్స్ పేరుతో తెచ్చింది. వాలియంకు చెడ్డపేరు వస్తున్న రోజులవి. కొత్త మాత్ర త్వరగా పనిచేస్తుంది, త్వరగా ఒంట్లోంచి పోతుంది కాబట్టి మెరుగన్నారు. త్వరగా పోవడమే దాని చిక్కు. రక్తంలో సగానికి తగ్గడానికి దీనికి పన్నెండు గంటలు కూడా పట్టదు, డయజెపామ్‌కు ఒకటి రెండు రోజులు పడుతుంది. అందువల్ల ఆల్ప్రాజోలానికి అలవాటుపడినవాళ్లకు రాత్రి వేసుకున్న మాత్ర ప్రభావం తెల్లవారేసరికి దిగిపోయి, తర్వాతి మాత్ర వేళ కాకముందే గుండె దడ మొదలవుతుంది. పైగా అర మిల్లీగ్రాము ఆల్ప్రాజోలం దాదాపు పది మిల్లీగ్రాముల డయజెపామ్‌కు సమానం. ఈ లెక్క మళ్లీ అవసరమవుతుంది.

1987 చివర్లో ఫ్లుయోక్సెటిన్ అనే డిప్రెషన్ మందు, ఆపైన దాని వంశపు మందులు వచ్చాక డిప్రెషన్‌కూ, దీర్ఘకాలపు ఆందోళనకూ మొదటి మందులు మారిపోయాయి. ఇవి మత్తునిచ్చేవి కావు, ‘ఇంకా కావాలి’ అన్న యావ పుట్టించేవి కావు. అయినా ఇవి పనిచేయడానికి కొన్ని వారాలు పడుతుంది గనుక, ఆ వ్యవధిలో రోగికి ఊరటగా చాలామంది డాక్టర్లు రాత్రి పూట ఒక ఆల్ప్రాజోలమో, అదే వంశపు క్లోనజెపామో జతచేస్తారు. నెల రోజుల చుట్టంగా వచ్చిన ఆ చిన్న బిళ్ల ఇంటల్లుడై కూర్చోవడం నేను దగ్గరివాళ్లలోనే చూశాను. పెద్ద మందు ఎప్పుడో ఆపేశారు, చిన్నది మాత్రం ఆరేళ్లుగా దిండు కింద ఉంది. డిప్రెషన్ మందుల విషయంలోనూ మానేటప్పటి బాధ కొందరికి తీవ్రంగా, దీర్ఘంగా ఉంటుందని బ్రిటన్ మానసిక వైద్యుల రాయల్ కాలేజీ 2019లో గానీ ఒప్పుకోలేదు.

మన దేశంలో ఆల్ప్రాజోలం 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం కిందకు వస్తుంది. వంద గ్రాములు దాటి అక్రమంగా పట్టుబడితే వాణిజ్య పరిమాణంగా లెక్కించి పదేళ్లకు తక్కువ కాని జైలు వేస్తారు. వంద గ్రాములంటే అరచేతిలో పట్టే పొడి. అర మిల్లీగ్రాము బిళ్లలుగా లెక్కేస్తే రెండు లక్షల బిళ్లలు. 2014 మార్చి నుంచి అమల్లో ఉన్న హెచ్1 షెడ్యూలు ప్రకారం ఆల్ప్రాజోలం, డయజెపామ్, నైట్రజెపామ్, జోల్పిడెమ్ వంటివాటిని డాక్టరు చీటీ మీదే అమ్మాలి. డాక్టరు పేరు చిరునామా, రోగి పేరు, మందు, పరిమాణం విడి రిజిస్టరులో రాసి మూడేళ్లు దాచాలి. ఆచరణలో ఫోనులో దాచుకున్న రెండేళ్ల కిందటి చీటీ ఫోటో చూపిస్తే స్ట్రిప్పు చేతికొచ్చే దుకాణాలు లేకపోలేదు. నిబంధన సక్రమంగా పాటించిన చోట కూడా ఆ రిజిస్టరులో ఎంత అమ్మారో ఉంటుంది, ఎప్పటికి ఆపాలో ఉండదు.

కల్లు కథ దీనికి సమాంతరంగా నడిచింది. తాటి, ఈత చెట్ల నుంచి గీసిన కల్లు ఎండాకాలంలో ఒకలా, వానాకాలంలో ఒకలా పారుతుంది. పట్టణపు గిరాకీకి ఏ కాలంలోనూ చాలదు. చాలని కల్లును నీళ్లతో పెంచి, తీపికి శాకరిన్ వేసి, పోయిన నిషాను మరోదానితో పూడ్చడం ఉమ్మడి రాష్ట్రం నాటి నుంచీ ఉన్న దందా. ఏం కలిపేవారో వరస చూడండి: ముందు క్లోరల్ హైడ్రేట్, తర్వాత పత్రికలు ‘డైజోఫాం’ అని రాసే డయజెపామ్, ఆపైన ఆల్ప్రాజోలం. వైద్యశాస్త్రం ఒక్కొక్క మెట్టూ ఎక్కిన క్రమంలోనే కల్లు కుండ కూడా ఎక్కింది. డయజెపామ్ కన్నా ఆల్ప్రాజోలం ఇరవయ్యో వంతు చాలు కాబట్టి మోయడం, దాచడం సులువు. నిబంధనలకు దొరకకుండా రహస్యంగా తయారుచేసే స్థావరాలు హైదరాబాద్ చుట్టుపక్కల తరచుగా పట్టుబడుతూనే ఉన్నాయి. నగరంలో 2004లో మూసిన కల్లు దుకాణాలను 2014లో తిరిగి తెరిచారు. మరుసటి ఏడాది జరిగింది మొదట చెప్పాను. 2020 మార్చిలో లాక్‌డౌన్‌తో మద్యం, కల్లు ఒకేసారి బందైనప్పుడు ఎర్రగడ్డ మానసిక చికిత్సాలయం ముందు మళ్లీ అవే లక్షణాలతో జనం బారులు తీరారు. 2025 జులైలో కూకట్‌పల్లి ప్రాంతంలో కల్లు తాగినవాళ్లు పదుల సంఖ్యలో ఆసుపత్రి పాలై, కొందరు చనిపోయినప్పుడు చర్చ అంతా కల్తీ చుట్టూనే తిరిగింది. కల్తీని అరికట్టాలన్నదాంట్లో రెండో మాట లేదు. కాని కల్లులో స్వతహాగా ఉన్న మద్యానికి ఈ మందు తోడైతే ఊపిరి మందగించి ప్రాణం పోవచ్చు, అలవాటుపడ్డాక ఒక్కరోజులో ఆగితే ఫిట్స్‌తోనూ ప్రాణం పోవచ్చు. మొదటి ప్రమాదం మీద దాడులు జరుగుతాయి. రెండోది ఆ దాడుల మరునాడు మొదలవుతుంది.

మాత్రలంటే భయపడి ‘సహజమైనవి’ వెతుక్కునేవాళ్లు ఈ మందుకు పూర్తిగా దూరమయ్యారని చెప్పలేం. 1998లో అమెరికాలో ‘స్లీపింగ్ బుద్ధ’ అనే నిద్ర సప్లిమెంటును మూలికల పేరుతో అమ్ముతుంటే, దానిలో ఎస్టజోలం అనే బెంజోడయజెపైన్ ఉందని తేల్చి ఎఫ్‌డీఏ జనాన్ని హెచ్చరించింది. నిజంగా మూలికే ఉన్నచోట చిక్కులు వేరు. సెయింట్ జాన్స్ వర్ట్ అనే మూలికను డిప్రెషన్ మందులతో కలిపి వాడితే ఒంట్లో సెరొటోనిన్ అనే రసాయనం మోతాదు మించి ప్రమాదం కావచ్చు. గర్భనిరోధక మాత్రల బలాన్ని అది తగ్గిస్తుంది. మన పెన్నేరుగడ్డ, అంటే అశ్వగంధ, క్యాప్సూళ్లుగా ప్రపంచమంతా అమ్ముడవుతున్న ఈ రోజుల్లో కాలేయం దెబ్బతిన్న కేసులు ఐస్‌ల్యాండ్, అమెరికా, భారత్‌ల నుంచి వైద్య పత్రికలకెక్కాయి; డెన్మార్క్ 2023లో దాన్ని నిషేధించింది. గడ్డ బదులు ఆకు వాడవద్దని మన ఆయుష్ శాఖ 2021లో తయారీదారులకు సూచించాల్సి వచ్చింది. అమ్మమ్మ పాలలో కాచి ఇచ్చిన చిటికెడు చూర్ణమూ, గాఢంగా పిండిన సారంతో నింపిన క్యాప్సూలూ ఒకటి కావన్న సంగతి డబ్బా మీద ఉండదు.

ఇంతకీ అలవాటుపడినవాళ్లను ఎలా మాన్పిస్తారు? ఉన్నపళంగా ఆపడం ద్వారా మాత్రం కాదు. ఆల్ప్రాజోలం నుంచి నిదానంగా దిగే డయజెపామ్‌కు మార్చి, ఒకటి రెండు వారాలకొకసారి కొద్దికొద్దిగా కోసుకుంటూ, ఒక్కోసారి నెలల తరబడి, డాక్టరు పర్యవేక్షణలో దించుకొస్తారు. చీటీ మీద వాడిన మనిషికి లెక్క తేలిక: రోజుకు ఒక మిల్లీగ్రామని చెబితే ఇరవై మిల్లీగ్రాముల డయజెపామ్‌తో మొదలుపెట్టవచ్చు. రోజూ మూడు సీసాల కల్లు తాగే మనిషికి ఆ మొదటి అంకె దొరకదు. సీసాలో ఎంత కలిసిందో తాగినవాడికి తెలియదు, పోసినవాడికి తెలియదు, నిన్నటి సీసాలో ఉన్నంత ఇవాళ్టి దానిలో ఉంటుందన్న హామీ లేదు. అందుకని డ్యూటీ డాక్టరు ఒక మోతాదు ఇచ్చి, గంట ఆగి వణుకు తగ్గిందో లేదో చేతులు చాచమని చూసి, మళ్లీ కొంత ఇచ్చి, మళ్లీ చేతులు చాచమంటాడు.