పామాయిల్ సుంకం: ఒక కొసన మూకుడు, ఇంకో కొసన గెల

2024 సెప్టెంబరు 13, శుక్రవారం. వంటనూనెల మీద దిగుమతి సుంకం పెంచుతూ కేంద్ర ఆర్థిక శాఖ నోటిఫికేషన్ ఇచ్చింది. తెల్లారేసరికి అది అమల్లోకి వచ్చేసింది. అప్పటికి వినాయక నిమజ్జనాలు పూర్తి కాలేదు, దసరాకి నాలుగు వారాలుంది. వారం తిరక్కుండానే మా వీధి కొట్టాయన నూనె ప్యాకెట్ల అట్టపెట్టె మీద పాత రేటు కొట్టేసి కొత్తది రాశాడు. ‘సరుకు పాతదేగా’ అంటే, ‘హోల్‌సేల్ వాళ్లు పెంచారండీ, నన్నేం చెయ్యమంటారు’ అన్నాడు.

సరుకు పాతదేనని ప్రభుత్వమే చెప్పింది. తక్కువ సుంకంతో వచ్చిన నూనె దాదాపు 30 లక్షల టన్నులుందని, 45 నుంచి 50 రోజులకి సరిపోతుందని, అదయ్యేదాకా ఎమ్మార్పీ పెంచొద్దని కంపెనీలను కోరింది. ధరలు ఆగలేదు. అదే సమయంలో అశ్వారావుపేట, దమ్మపేట వైపు పామాయిల్ రైతులు మాత్రం ఊపిరి పీల్చుకున్నారు. నూనె తీసే ఈ పండ్ల గెలల ధర తెలంగాణలో టన్ను 14 వేల చిల్లర నుంచి అక్టోబరుకి 17 వేలు దాటింది, తర్వాత 20 వేలూ దాటింది. ఇదంతా సుంకం మహిమే అనలేం, అంతర్జాతీయ ధర కూడా అప్పుడే ఎక్కుతోంది. కానీ సుంకం వాటా చిన్నదేం కాదు.

ఆ వాటా ఎంతో లెక్క కట్టి చూద్దాం. ముడి పామాయిల్ మీద మూల సుంకాన్ని సున్నా నుంచి 20 శాతానికి పెంచారు. దానికి వ్యవసాయ సెస్సు 5 కలిపితే 25. ఆ పాతిక మీద పదో వంతు సాంఘిక సంక్షేమ సర్‌ఛార్జి. మొత్తం 27.5 శాతం. అంతకు ముందు ఇదంతా కలిపి 5.5 శాతమే. టన్ను వెయ్యి డాలర్లు, డాలరు 85 రూపాయలు అనుకుంటే కిలో నూనె మీద సుంకం నాలుగున్నర రూపాయల నుంచి 23 రూపాయలకి చేరిందన్నమాట. ఈ లెక్కకి కంపెనీ చూపించే బిల్లు కూడా చెల్లదు. పదిహేను రోజులకోసారి ప్రభుత్వం ప్రకటించే టారిఫ్ విలువ మీదే సుంకం కడతారు. బిల్లులో ధర తక్కువ చూపి ఎగ్గొట్టేవాళ్లని కట్టడి చేయడానికి పెట్టిన పద్ధతది.

నలభై ఏళ్ల కిందట ఈ లెక్కలతో మన వంటింటికి పని లేదు. కోస్తాలోనైనా సీమలోనైనా నూనె అంటే వేరుశనగ, నువ్వులు, ఊరి గానుగ. దిగుమతులు ప్రభుత్వ సంస్థ ఎస్‌టీసీ చేతిలో ఉండేవి. 1986లో నూనెగింజల టెక్నాలజీ మిషన్ మొదలైంది, 1990ల తొలినాళ్లకి దేశం దాదాపు తన నూనె తానే పండించుకునే స్థితికొచ్చింది. ఆ తర్వాత గేట్లు తెరిచారు. 1994లో పామాయిల్‌ని శుద్ధి చేసి తీసిన పామోలిన్‌ను 65 శాతం సుంకంతో ఎవరైనా తెచ్చుకోవచ్చన్నారు. మరుసటి ఏడాది చాలా నూనెల మీద 30 శాతమే ఉంచారు. 1998కల్లా అది 15 శాతానికి దిగింది. విచిత్రమేమిటంటే, ప్రపంచ వాణిజ్య సంస్థ ఒప్పందంలో పామాయిల్ మీద 300 శాతం దాకా వేసుకునే వెసులుబాటు మనకుంది. 300 వేసుకునే హక్కు చేతిలో ఉంచుకొని 15తో సరిపెట్టాం. అనంతపురం వేరుశనగ రైతుకి వానలు చేసే అన్యాయం ఎలాగూ ఉంది, దాని మీద చవక పామోలిన్ వచ్చి పడింది.

అక్కణ్ణుంచి సుంకం ఏతంలా లేస్తూ దిగుతూ వచ్చింది. 2005లో ముడి పామాయిల్ మీద 80 శాతం ఉంటే, ధరలు మండిన 2008 ఏప్రిల్‌లో ఏకంగా సున్నా. సార్వత్రిక ఎన్నికలు ఏడాది దూరంలో ఉన్నాయని వేరే చెప్పక్కర్లేదు. 2013 ఉగాదికి ఉమ్మడి రాష్ట్రంలో ‘అమ్మహస్తం’ కింద 185 రూపాయలకి తొమ్మిది సరుకులిచ్చినప్పుడు అందులో లీటరు పామోలిన్ ఉంది. అప్పటికి పామాయిల్ పేదింటి నూనె అయిపోయింది, సుంకంలో ఒక్కో పాయింటూ రేషన్ కార్డు ఇళ్ల మూకుడు దాకా పోయే రోజులొచ్చాయి. మళ్లీ 2018 మార్చిలో ముడి నూనె మీద 44, రిఫైన్డ్ పామాయిల్ మీద 54 శాతం.

ఈ 44కి, 54కి మధ్య ఉన్న పది పాయింట్లే రిఫైనరీల ప్రాణం. కాకినాడలో, కృష్ణపట్నంలో ఓడరేవులను ఆనుకొని రిఫైనరీలున్నాయి. ముడి నూనె తెచ్చి శుద్ధి చేసి ప్యాకెట్ కట్టడం వాటి పని. రెండు సుంకాల మధ్య ఎడం తగ్గితే, శుద్ధి చేసిన నూనే నేరుగా ఓడ దిగుతుంది, ఇక్కడ యంత్రాలు ఖాళీగా ఉంటాయి. ఇండోనేషియా ముడి నూనె ఎగుమతి మీద ఎక్కువ పన్ను, రిఫైన్డ్ మీద తక్కువ పన్ను వేసేది సరిగ్గా ఇందుకే. శుద్ధి పని, దాని ఉద్యోగాలు తమ దేశంలోనే ఉండాలని.

2019లో ఆ ఎడం దెబ్బతింది. స్వేచ్ఛా వాణిజ్య ఒప్పందం ప్రకారం మలేషియా రిఫైన్డ్ నూనెకి 45 శాతమే పడింది, ముడి నూనెకి 40. తేడా అయిదు పాయింట్లు. మలేషియా పామోలిన్ వరదలా వచ్చింది. రిఫైనరీలు గగ్గోలు పెడితే సెప్టెంబరులో అదనంగా 5 శాతం రక్షణ సుంకం వేశారు. అదే నెలలో మలేషియా ప్రధాని మహతీర్ ఐక్యరాజ్య సమితిలో కశ్మీర్ గురించి మాట్లాడారు, ఆ తర్వాత మన పౌరసత్వ సవరణ చట్టాన్నీ విమర్శించారు. 2020 జనవరిలో మన ప్రభుత్వం రిఫైన్డ్ పామాయిల్‌ని ఆంక్షల జాబితాలో చేర్చింది, అంటే అనుమతి లేనిదే తెచ్చుకోకూడదు. మలేషియా పేరెత్తలేదు, ఎత్తాల్సిన అవసరమూ రాలేదు. వ్యాపారులు వాళ్లంతట వాళ్లే ఇండోనేషియా వైపు మళ్లారు.

మధ్యలో నేపాల్ కథొకటుంది. ఆ దేశంలో పామాయిల్ తోటల్లేవు. అయినా 2019–20లో ఆ దేశపు ఎగుమతుల్లో మొదటి స్థానం పామాయిల్‌దే. మలేషియా, ఇండోనేషియాల నుంచి నూనె తెప్పించి, శుద్ధి చేసి, దక్షిణాసియా ఒప్పందాల కింద సుంకం లేకుండా మనకి పంపేవాళ్లు. మన సుంకం పెరిగినప్పుడల్లా నేపాల్ నూనె పొంగుతుంది, తగ్గితే ఇంకుతుంది. 2024 పెంపు తర్వాత సోయా నూనెతో మళ్లీ అదే జరిగింది. గోడ ఎంత ఎత్తు కట్టినా పక్కింటి గుమ్మం తెరిచే ఉందని దీనర్థం. సరిహద్దు దాటి వచ్చిన ఆ నూనె వల్ల మన ఖజానాకి సుంకమూ దక్కదు, మన రిఫైనరీకి పనీ దొరకదు.

2021 ఆగస్టులో కేంద్రం 11,040 కోట్ల రూపాయలతో పామాయిల్ జాతీయ మిషన్ ప్రకటించింది. అదనంగా 6.5 లక్షల హెక్టార్లలో తోటలు వేయించాలన్నది లక్ష్యం. అక్టోబరుకల్లా అదే కేంద్రం ముడి పామాయిల్ మీద మూల సుంకాన్ని సున్నా చేసింది. ధరలు మండిపోతున్నాయి, వేరే దారి లేదన్నారు. 2022లో ఉక్రెయిన్ యుద్ధం, దాని వెంటే ఇండోనేషియా ఎగుమతి నిషేధం వచ్చి, మూల సుంకం లేకుండానే గెలల ధర టన్ను 20 వేలు దాటింది. అది చూసి తోటలు వేసినవాళ్లు చాలామంది. ఆ మరుసటి ఏడాది ధర 13 వేల చుట్టుపక్కలకి పడిపోయింది. వరైతే రైతు మరో సీజన్‌కి పంట మార్చుకుంటాడు. పామాయిల్ మొక్క కాపుకి రావడానికే నాలుగేళ్లు, తర్వాత పాతికేళ్లు అది నేలలోనే ఉంటుంది. కోసిన గెలల్ని ఇంట్లో దాచుకొని ధర కోసం ఆగడమూ కుదరదు, ఒకట్రెండు రోజుల్లో మిల్లుకి చేర్చాల్సిందే.

2025 మే 30న సుంకం మళ్లీ మారింది. ముడి నూనె మీద మొత్తం 27.5 నుంచి 16.5కి దింపారు, రిఫైన్డ్ మీద 35.75 అలాగే ఉంచారు. రెండింటి మధ్య ఎడం 8.25 నుంచి 19.25 పాయింట్లకి పెరిగింది. రిఫైనరీ సంఘాలు ఎన్నాళ్లుగానో అడుగుతున్నదే ఇది. గెలల వైపు లెక్క వేరు. ఇందాకటి వెయ్యి డాలర్ల లెక్కనే తీసుకుంటే కిలో ముడి నూనెకి తొమ్మిది రూపాయల పైన తగ్గుదల. కేంద్ర మిషన్ సూత్రం ప్రకారం గెలల ధర ముడి నూనె ధరలో 14.3 శాతం, అంటే టన్నుకి 1,300 రూపాయలకి పైగా కోత. 2021, 22ల్లో నాటిన మొక్కలు తొలి గెలలతో కాటా ఎక్కుతున్న ఏడాది అది. తెలంగాణ వ్యవసాయ మంత్రి తుమ్మల నాగేశ్వరరావు సుంకం తిరిగి పెంచాలని కేంద్రాన్ని కోరారు.

ఆ తర్వాతి వారం కొట్టుకెళ్లి చూశాను. ప్యాకెట్ రేటు మారలేదు. ‘సుంకం తగ్గిందటగా’ అన్నాను. ‘కొత్త సరుకు రావాలి కదండీ’ అన్నాడు కొట్టాయన.