అస్సాం నేత: కొనేవాళ్లు అనుకునేదొకటి, మగ్గం దగ్గర జరిగేదొకటి

చేనేత బట్టలు ఎంపిక చేయడం, నేసేవాళ్లతో డిజైన్లు మాట్లాడుకోవడం, హైదరాబాద్ తెచ్చి అమ్మడం నా పని. పోచంపల్లి, గద్వాల మగ్గాల దగ్గర మొదలై మెల్లగా అస్సాం దాకా పాకింది. ఎగ్జిబిషన్‌లో అస్సాం సరుకు పరిచిన ప్రతిసారీ దాదాపు అవే మాటలు వింటుంటాను. అన్నీ అభిమానంతో అనేవే. కానీ వాటిలో కొన్ని నేసేవాళ్లకు చెరుపు చేస్తున్నాయి.

అపోహ: జీన్స్, మాల్స్ వచ్చాక అస్సాం కుర్రకారు సంప్రదాయ బట్టలు మానేసింది. కొనేవాళ్లు లేకే నేత చచ్చిపోతోంది.

వాస్తవం: ఏప్రిల్ మొదట్లో గువాహాటి ఫ్యాన్సీ బజార్‌లో ఒకసారి నిలబడి చూడండి. అస్సామీల కొత్త సంవత్సరపు పండుగ బొహాగ్ బిహు దగ్గర పడిందంటే కాలు పెట్టే చోటుండదు. ఆఫీసులో జీన్స్ వేసుకునే అమ్మాయే బిహుకు మేఖెలా చాదర్, అంటే అక్కడి రెండు ముక్కల చీరకట్టు, కట్టుకుంటుంది, ఫొటో పెడుతుంది. ఇంట్లో పెద్దవాళ్లకు గామోసా, అంటే ఎర్ర అంచు తెల్ల తుండుగుడ్డ, ఇచ్చి దండం పెట్టడం మానలేదు. సభకు వచ్చిన అతిథి మెడలో గామోసా, నామ్‌ఘర్‌లో, అంటే ఊరి ప్రార్థనా మందిరంలో, పూజించే గ్రంథం మీద గామోసా, బిహు ఆడే కుర్రాడి తలకు గామోసా. దేశంలో ఒక తుండుగుడ్డకు ఇంత గౌరవం ఇంకెక్కడా నేను చూడలేదు.

కష్టమంతా ఈ గిరాకీతోనే వచ్చింది. లక్షల గామోసాలు ఒకే నెలలో కావాలి. ఇంటి మగ్గం ఆ వేగానికి అందుకోలేదు. ఆ ఖాళీలోకి బయటి రాష్ట్రాల మరమగ్గాల సరుకు దిగింది. అదే తెల్లగుడ్డ, అదే ఎర్ర అంచు, ధర మాత్రం సగానికి సగం తక్కువ. మేఖెలా చాదర్‌కూ అదే గతి పట్టింది. 2013లో సువాల్‌కుచి నేతగాళ్లు బనారస్ నుంచి వచ్చిన నకలు సరుకును దుకాణాల్లోంచి లాగి వీధిలో తగలబెట్టారు. బ్రహ్మపుత్ర ఉత్తరపు ఒడ్డున, పట్టుకు పేరుమోసిన ఊరు అది. అక్కడ కోపం ఆ స్థాయికి వెళ్లిందంటే లోపల ఎంత రగిలి ఉండాలి? పదేళ్లకు, 2023 బొహాగ్ బిహు ముందు, మరమగ్గాల మీద చేసిన గామోసా, మేఖెలా చాదర్, అక్కడి బోడో తెగవాళ్ల ఆరొనాయ్ అనే కండువా, దొఖొనా అనే ఆడవాళ్ల కట్టుబట్టల అమ్మకాన్ని అస్సాం ప్రభుత్వం నిషేధించింది. మంచి పనే. కానీ నిషేధం ఉన్నంత మాత్రాన బజారులో ఆ సరుకు మాయమైపోదు. కొనే చెయ్యి కూడా కాస్త ఆగి చూడాలి.

ఎలా చూడాలంటే, గుడ్డను వెనక్కి తిప్పండి. పూలు నేసిన చోట కత్తిరించిన దారపు కొసలు వరసగా కనిపిస్తే అనుమానించండి. తర్వాత అంచులు చూడండి. మగ్గం మీద గుడ్డ ముడుచుకుపోకుండా అడ్డంగా పుల్ల బిగిస్తారు. దాని మొనలు గుచ్చుకున్న సన్నటి రంధ్రాలు అంచున ఉంటాయి. చేతి నేతలో అవి అచ్చు గుద్దినట్టు సమంగా ఉండవు. పది గామోసాలు పక్కపక్కన పెడితే పొడవు, వెడల్పు, ఎర్ర రంగు వెలుగు కాస్తయినా తేడా రావాలి. పదీ ఒకేలా ఉంటే కిమ్మనకుండా పక్క కొట్టుకు వెళ్లండి.

అపోహ: అస్సాంలోనూ మన పద్మశాలి, దేవాంగుల లాంటి నేత కులం ఉంటుంది. వాళ్లను ఆదుకుంటే సరిపోతుంది.

వాస్తవం: మన వాళ్లకు అర్థం కావడానికి ఎక్కువ సమయం పట్టేది ఇదే. మన దగ్గర నేత ఒక వృత్తి. ఇంటాయన మగ్గం మీద కూర్చుంటే ఇంటిల్లిపాదీ ఆసు పోయడం, కండెలు చుట్టడం చేస్తారు, ఇల్లు దాని మీదే గడుస్తుంది. అస్సాంలో ఎక్కువ ఊళ్లలో మగ్గం ఇంటి సామానులో ఒకటి. వసారాలోనో, ఇంటి వెనక చూరు కిందో వెదురు గుంజల మగ్గం. కులంతో సంబంధం లేదు, నేసేది ఆడవాళ్లు. పొలం పని, వంట అయ్యాక కూర్చుంటారు. 2019-20 చేనేత గణనలో దేశంలో అందరికంటే ఎక్కువమంది చేనేత పనివాళ్లు అస్సాంలోనే తేలారు, 12 లక్షలకు పైగా. అందులో ఎక్కువమంది నేసేది ముందు ఇంటి వాడకానికి, మిగిలితే అమ్మకానికి.

అందుకే మన సొసైటీల పద్ధతి అక్కడ యథాతథంగా నడవదు. 'నెలకు ఇన్ని చీరలు' అని ఆర్డర్ పెడితే ఆమె నవ్వుతుంది. నాట్లప్పుడు మగ్గం ఆగిపోతుంది. ఆ నవ్వును సోమరితనం అనుకునే కొనుగోలుదారులు నాకు తెలుసు. ఇల్లు గడవడానికి నేయక్కర్లేని మనిషి మన తొందరకు లొంగదు, అంతే సంగతి. సువాల్‌కుచిలో సంగతి వేరు. అక్కడ జాకార్డ్ (డిజైన్ ఎత్తే యంత్రం) పెట్టిన మగ్గాలు, యజమానులు, వేరే జిల్లాల నుంచి వచ్చి కూలికి నేసే అమ్మాయిలు. వాళ్లలో బోడోలు చాలామంది. ఆ ఊళ్లో మాట్లాడాల్సింది కూలి రేటు గురించి. సంస్కృతి గురించి ఉపన్యాసాలు ఇవ్వడానికి ముందు దాన్ని అడగాలి.

అపోహ: అస్సాం ముగా అంటే బంగారు రంగు అద్దిన పట్టు. ఆ ధర పేరుకే.

వాస్తవం: ఆ రంగు పురుగుదే. ముగాకు 2007లో జీఐ (ఫలానా ప్రాంతపు సరుకు అనే భౌగోళిక సూచిక) గుర్తింపు వచ్చింది. మల్బరీ పట్టులా దీన్ని షెడ్డులో పెంచలేరు. సోమ్, సోవాలు అనే చెట్ల మీద ఆరుబయట వదిలేస్తారు. చెట్టు మొదట్లో గడ్డి, అరటి ఆకు చుట్టి పురుగులు కిందికి జారిపోకుండా కట్టుకడతారు. ఆకు అయిపోతే పురుగులు కాండం మీదుగా దిగొస్తాయి. వాటిని వెదురుతో అల్లిన ముక్కోణపు చట్రంలోకి ఎక్కించి, మరో చెట్టుకు తగిలిస్తారు. పగలంతా కాకులు, పిట్టలు రాకుండా ఉండేలు పట్టుకుని మనిషి కాపలా. రాత్రి గబ్బిలాలు, గుడ్లగూబలు. ఒక్క వడగళ్ల వానకు పంట మొత్తం పోయిన తోట దగ్గర నిలబడితే ఎవరూ బేరం ఆడరు.

తర్వాత దారం తీయడానికి భీర్ అనే చేతి సాధనం దగ్గర ఇద్దరు కూర్చోవాలి. ఇంత ఉంది ఆ ధర వెనక. పైగా తోటలే తగ్గుతున్నాయి. సోమ్ చెట్లున్న చోట తేయాకు వేస్తున్నారు, తేయాకుకు కొట్టే మందు గాలికి కొట్టుకొచ్చి పక్క తోటలో పురుగును చంపుతోంది. నన్నడిగితే ముగాను కాపాడాలనుకునే ప్రభుత్వం వేదిక మీద ఫ్యాషన్ షో పెట్టేకంటే ఆ మందు సంగతి ముందు చూడాలి.

ముగా దారం దొరక్కే నకలు మొదలవుతుంది. పేకలో (అడ్డపోగులో) దసలి (టస్సర్) పట్టు కలిపి ముగా అని అమ్ముతారు. దసలి మనకు కొత్తేం కాదు, మహదేవ్‌పూర్‌లో మనవాళ్లు నేసేదే, దాని అందం దానిది. ఆ పేరు చెప్పి అమ్మితే గొడవే లేదు.

అపోహ: అస్సాంలో దొరికే మరో పట్టు ఎరి అంటే అహింసా పట్టు. పురుగు చావదు.

వాస్తవం: సగం నిజం. ఎరి పురుగు ఆముదం ఆకు తింటుంది. దాని గూడు ఒక వైపు తెరిచే ఉంటుంది. దారం ఒకే పోగుగా రాదు కాబట్టి దూదిలా వడకాలి. లోపలి పురుగు రెక్కలొచ్చి సీతాకోకచిలుకలా బయటికి వెళ్లాక కూడా గూడు పనికొస్తుంది. కానీ అస్సాంలో ఎరి పెంచే చాలా ఇళ్లలో లోపలి పురుగు వంటకం, అదీ ఇష్టమైన వంటకం. గూటి కంటే పురుగుకే మంచి ధర పలికే రోజులుంటాయి. పురుగును అలా ఎగరనిచ్చి తీసిన పట్టే కావాలంటే దానికి విడిగా హామీ అడగండి. మన హైదరాబాద్‌లోనే కుసుమ రాజయ్యగారు మల్బరీ గూళ్లతో అలాంటి పట్టు తీసి పేరు తెచ్చుకున్నారు. అంతేగానీ ఎరి అని రాసి ఉంటే చాలు అనుకుని, అక్కడి ఇంట్లో పళ్లెం చూసి ముఖం చిట్లించడం బాగుండదు. చలికాలానికి ఎరి శాలువా మాత్రం నిజంగా గొప్పది, ఉతికేకొద్దీ మెత్తబడుతుంది.

అపోహ: మేఖెలా చాదర్ అంటే అస్సాం, అస్సాం అంటే మేఖెలా చాదర్.

వాస్తవం: బోడోలకు దొఖొనా, మిసింగ్, కార్బీ తెగలకు వాళ్ల వాళ్ల నేతలు, వాళ్ల రంగులు ఉన్నాయి. ప్రచారమంతా ఒక్క బట్ట మీదే పెడితే మిగతావి ఇంకాస్త వెనక్కి పోతాయి.

అపోహ: వేదిక ఎక్కిన కళ కల్తీ అయిపోయినట్టే.

వాస్తవం: అస్సాం వైష్ణవ గురువు శంకరదేవుడి సత్రాల్లో (అక్కడ సత్రం అంటే వైష్ణవ మఠం) సన్యాసులు చేసిన నాట్యం బయటికి వచ్చి, ఆడవాళ్లు నేర్చుకుని, 2000లో సత్రియగా శాస్త్రీయ నాట్యాల జాబితాలో చేరింది. బ్రహ్మపుత్ర మధ్య ఉన్న మాజులి దీవి సత్రాల్లో అది ఆగిపోలేదు. 2023 ఏప్రిల్‌లో గువాహాటి స్టేడియంలో 11 వేల మందికి పైగా ఒకేసారి బిహు ఆడి గిన్నిస్ రికార్డు కొట్టారు. అలాంటి హంగామా నాకంత రుచించదు. అయినా అదే నెలలో ఊళ్లలో ఇంటింటికీ తిరిగి పాడే హుసొరీ కూడా జరిగింది. ఒకటి ఉంటే రెండోది పోతుందనే లెక్క లేదు.

అపోహ: జీఐ ట్యాగ్ వచ్చేసింది, ఇక భయం లేదు.

వాస్తవం: గామోసాకు 2022 డిసెంబర్‌లో జీఐ వచ్చింది. పోచంపల్లికి ఎప్పుడో వచ్చింది, అయినా ఇక్కత్ ప్రింట్ గుడ్డ ప్రతి వీధిలో దొరుకుతూనే ఉంది కదా. ట్యాగ్ ఉంటే కేసు వేయొచ్చు. కేసు వేసే ఓపిక, డబ్బు ఎవరికుంటాయన్నది వేరే ప్రశ్న.

చాలామంది మెసేజ్‌లు పెడుతున్నారు కాబట్టి ఒక పని మాట. ఇంటి మగ్గం మీద నేసిన గామోసాలు, ఎరి శాలువాలు కావాలంటే ఫిబ్రవరి, మార్చిలో అడగకండి. ఆ రెండు నెలలు నాకు నేసిచ్చే అస్సాం ఆడవాళ్లు సొంత ఇంటి బిహు బట్టలు నేసుకుంటారు, బయటి ఆర్డర్ పట్టరు. సంక్రాంతికి ముందే చెప్పి, నూలుకు అడ్వాన్స్ ఇవ్వండి. జూన్ తర్వాత చెబితే వరినాట్లు అయ్యేదాకా ఆగాల్సి వస్తుంది.