సంఘంలో ఆరాధన, సహవాసం, సువార్త: నేను తరచుగా వినే అపోహలు

ప్రకాశం జిల్లాలో ఒక పల్లె సంఘానికి ఇరవై రెండేళ్లుగా కాపరిగా ఉన్నాను. పెద్దల మీటింగ్ పెట్టినప్పుడల్లా ఒకే పంచాయితీ. యౌవనస్థులు పాటలకు ఇంకాస్త టైమ్ కావాలంటారు. ఇళ్ల కూడికలు తగ్గిపోయాయని స్త్రీల సమాజం వాళ్లు బాధపడతారు. సువార్తకు తిరిగే తమ్ముళ్లు బస్సు చార్జీలకు కూడా డబ్బుల్లేవంటారు. ముగ్గురి మాటలోనూ న్యాయం ఉంది. కానీ ఆ గొడవ వెనక కొన్ని అపోహలున్నాయి. వాటిలో ఒకటి రెండు నేను కూడా చాలా ఏళ్లు నమ్మాను.

అపోహ: ఆదివారం ఆరాధన బాగా జరిగితే సంఘం బాగున్నట్టే.

వాస్తవం: కీబోర్డు, ప్యాడ్, కొత్త స్పీకర్లు కొన్న ఏడాది మా గుడి కిటకిటలాడింది. ఆ వానాకాలంలోనే ఒక అక్క మూడు ఆదివారాలు రాలేదు. భర్తకు కిడ్నీ జబ్బు ముదిరి ఒంగోలులో ఆసుపత్రిలో పెట్టారు. గోడ పక్కన ఆమె ఎప్పుడూ కూర్చునే చోట వేరేవాళ్లు కూర్చున్నారు కాబట్టి ఆ లోటు నా కంటికి ఆనలేదు. నాలుగో వారం ఆమె తమ్ముడు చెబితే తెలిసింది. పరామర్శకు వెళ్తే ఆమె ఒక్క మాటే అడిగింది: "అయ్యగారూ, నేను రావట్లేదని ఎవరూ అనుకోలేదా?" ఆ మూడు ఆదివారాలూ నేను ప్రేమ గురించే వాక్యం చెప్పాను. ఆ రోజు ఆమెకు ఏ జవాబూ చెప్పలేకపోయాను.

అప్పటి నుంచి మా పెద్దల మీటింగ్‌లో మొదటి ప్రశ్న మారింది. ఎంతమంది వచ్చారు, కానుక ఎంత అని కాదు, ఎవరు రాలేదు అని. సంఘాన్ని ఆరు భాగాలుగా చేసి, ఒక్కో భాగాన్ని ఒక పెద్దకూ ఒక అక్కకూ అప్పగించాం. రెండు వారాలు కనిపించని ఇంటికి మంగళవారం లోపు ఎవరో ఒకరు వెళ్లాలి. గుడికి ఎందుకు రాలేదని నిలదీయకూడదు. కూర్చుని, మంచినీళ్లు తాగి, ఎలా ఉన్నారని అడగాలి.

బైబిల్లో అపొస్తలుల కార్యములు 2వ అధ్యాయం చివర యెరూషలేములోని తొలి సంఘాన్ని చూడండి. బోధ, సహవాసం, రొట్టె విరవడం, ప్రార్థన ఒకే వచనంలో పక్కపక్కనే ఉన్నాయి. ఆ వెంటనే ఆస్తులు అమ్మి అక్కర ఉన్నవాళ్లకు పంచడం, ఇళ్లలో కలిసి తినడం. ఆ తర్వాతే కొత్తవాళ్లు చేరడం. పాటల టీమ్ వేరు, సువార్త టీమ్ వేరు అన్నట్టు అక్కడ ఏమీ కనిపించదు.

అపోహ: సహవాసం అంటే ఆరాధన తర్వాత టీ, క్రిస్మస్‌కి బిర్యానీ.

వాస్తవం: కలిసి తినడాన్ని నేను తక్కువ చేయను. ప్రేమ విందు మన సంఘాల్లో ఎంతో మంచి అలవాటు. కానీ సహవాసానికి గ్రీకులో ఉన్న కొయినోనియా అనే మాటకు పాలు పంచుకోవడం అని అర్థం. యెరూషలేములోని బీద విశ్వాసుల కోసం పోగుచేసిన సొమ్ముకు కూడా, తొలి సంఘాలకు ఉత్తరాలు రాసిన పౌలు ఇదే మాట వాడాడు. అంటే పక్కవాడి కష్టంలో నాకూ వాటా ఉందని ఒప్పుకోవడం.

కొరింథు సంఘంలో కొందరు ముందే కడుపునిండా తినేవాళ్లు, కొందరు ఆకలితో ఉండిపోయేవాళ్లు. మీరు తినేది ప్రభువు భోజనమే కాదని పౌలు వాళ్లకు రాశాడు. సహవాసం చెడితే ఆరాధన కూడా చెడుతుందని అంత గట్టిగా చెప్పిన చోటు ఇంకొకటి నాకు తెలియదు.

ఇది మనకు దూరపు సంగతి కాదు. ఎన్ని ఊళ్లలో మాలపల్లెకు ఒక గుడి, మాదిగపల్లెకు ఒక గుడి ఉన్నాయో మనందరికీ తెలుసు. రెండింట్లోనూ పాటలు అవే, వాక్యం అదే. ఇటువాళ్లు అటు వెళ్లి బల్లలో, అంటే ప్రభువు భోజనంలో, పాలుపొందరు. ఈ మాట చెప్పినప్పుడల్లా మా సంఘంలో కొందరి ముఖాలు మాడిపోతాయి. అయినా చెబుతూనే ఉన్నాను. ఆ గోడ అలాగే ఉండగా ఇంకో స్పీకర్ కొని ఆరాధన పెంచామనుకోవడం నాకు చేతకాదు.

1910లో ఎడిన్‌బరోలో జరిగిన మిషనరీల మహాసభలో డోర్నకల్‌లో పరిచర్య చేస్తున్న వి.ఎస్. అజరయ్య మాట్లాడారు. మిషనరీలు తమ ఆస్తిని, ప్రాణాన్ని ఇచ్చారని ఒప్పుకుంటూనే, మాకు స్నేహితులు కూడా కావాలని అడిగారు. మరో రెండేళ్లకు, 1912లో, ఆయన ఆంగ్లికన్ సంఘంలో మొదటి భారతీయ బిషప్ అయ్యారు. ఆ రోజు ఆయన దొరలను అడిగినదే ఈ రోజు మనం ఒకరినొకరం అడగాల్సి ఉంది.

అపోహ: సువార్త అంటే మైకు, కరపత్రం, కన్వెన్షన్. అది పాస్టర్ పని.

వాస్తవం: మా ఒంగోలు ప్రాంతంలో సువార్త వ్యాపించింది చుట్టరికాల దారిలోనే. తోళ్ల వ్యాపారం చేసే యెర్రగుంట్ల పేరయ్య 1866లో బాప్తిస్మం తీసుకుని, తనవాళ్లున్న ఊళ్లకు వెళ్లి చెప్పారు. 1878 జూలై 3న గుండ్లకమ్మ ఏటిలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారన్న సంగతి మా వైపు పిల్లలకు కూడా తెలుసు. దాని ముందు జరిగింది మాత్రం ఎక్కువమందికి గుర్తులేదు. 1876-78 కరువులో అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ దొర బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో కొంత కాంట్రాక్టు తీసుకుని ఆకలితో ఉన్నవాళ్లకు కూలి దొరికేలా చూశారు. బోధకులే అక్కడ మేస్త్రీలుగా పనిచేసి, కూలీలు సేద తీరే వేళ పక్కన కూర్చుని మాట్లాడేవాళ్లు. కూలి కోసం మతంలో కలిశారన్న మాట రాకూడదని ఆ రోజుల్లో బాప్తిస్మాలు ఆపేశారు. ముందు అన్నం, పక్కన కూర్చునే మనిషి, తర్వాత ఎదురుచూడటం. నేను యౌవనస్థులకు ఈ భాగమే ఎక్కువసేపు చెబుతాను. బియ్యం మూట చూపించి పిలిచేది సువార్త కాదు.

మైకు గురించి ఒక మాట. రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా బయట లౌడ్‌స్పీకర్ పెట్టకూడదని చట్టమే చెబుతోంది. చట్టం సంగతి అటుంచినా, మన స్పీకర్ల వల్ల నిద్రలేకుండా పోయిన పక్కింటి పెద్దాయనకు పొద్దున్నే కరపత్రం ఇస్తే ఆయన ఏ మనసుతో తీసుకుంటాడు?

అపోహ: ముందు మన సంఘం బలపడాలి, బయటివాళ్ల సంగతి తర్వాత.

వాస్తవం: ఆ "తర్వాత" రావడం నేను చూడలేదు. అజరయ్య అయితే కొత్తగా బాప్తిస్మం పొందేవాళ్ల చేత తలమీద చెయ్యి పెట్టించి, సువార్త ప్రకటించకపోతే నాకు శ్రమ అని పౌలు అన్న మాట పలికించేవారు. నమ్మిన మొదటిరోజే.

అపోహ: మూడింటికీ వారంవారం సమానంగా టైమ్ ఇస్తేనే సమతుల్యత.

వాస్తవం: నేనూ ఒక ఏడాది అలా క్యాలెండర్ గీసి అందరినీ టెన్షన్ పెట్టాను. మా జనం కూలి పనులకు వెళ్లేవాళ్లు. పనుల రోజుల్లో రాత్రి ఎనిమిదికి ఇల్లు చేరిన మనిషిని ఇంకో కూడికకు రమ్మనడం పాపం. ఇప్పుడు వారాన్ని చూడను, ఏడాదిని చూస్తాను. డిసెంబరంతా ఆరాధనే, దాన్ని ఎవరూ ఆపలేరు. మేలో వి.బి.ఎస్. (పిల్లలకు సెలవుల్లో నడిపే బైబిల్ బడి) పెడితే అన్ని ఇళ్ల పిల్లలూ వస్తారు. వానలు పడి పనులు ఆగిన రోజులు ఇళ్ల కూడికలకు మంచివి.

మిరప కోతలప్పుడు సంఘంలో సగం గుంటూరు వైపు వలస వెళ్తుంది. మొదట్లో ఆ రెండు నెలలు సంఘం ఖాళీ అని బాధపడేవాణ్ణి. ఇప్పుడు బుధవారం రాత్రి ఎనిమిదిన్నరకు ఫోన్ స్పీకర్ ఆన్ చేసి అక్కడివాళ్లతో కలిసి ప్రార్థన చేస్తున్నాం. పోయిన వారం పక్క డేరాలో ఉన్న కర్నూలు వైపు కూలీలు కూడా వచ్చి కూర్చున్నారట. వాళ్ల పాపకు జ్వరమని తెలిసి మా అక్కలు తలా వంద వేసుకుని డాక్టరు దగ్గరికి తీసుకెళ్లారు. ఆ పాప పేరు ఇప్పుడు ఇక్కడ గుడిలో, ప్రార్థన బోర్డు మీద రాసి ఉంది.