పెద్ద జన్యు అధ్యయనాలు: అపోహలు - వాస్తవాలు

లక్షల మంది డీఎన్‌ఏను పోల్చి, జబ్బు ఉన్నవాళ్లలో ఏ తేడాలు ఎక్కువగా కనిపిస్తున్నాయో లెక్కగట్టడం నా పని. ఫలితం రాగానే ‘ఫలానా జబ్బుకు జన్యువు దొరికింది’ అని వార్తలొస్తాయి. అవి చదివి అనవసరంగా బెంగపడేవాళ్ల కోసం ఈ నాలుగు మాటలు.

అపోహ: షుగర్‌కో జన్యువు, గుండెపోటుకో జన్యువు ఉంటుంది.

హంటింగ్టన్ లాంటి కొన్ని జబ్బులకు ఒక్క జన్యువులో లోపం చాలు. షుగర్, బీపీ అలా రావు. వాటి వెనక వందల చోట్ల చిన్న చిన్న తేడాలుంటాయి. టైప్ 2 షుగర్‌కు సంబంధించి 2006లో టీసీఎఫ్7ఎల్2 అనే జన్యువులో బయటపడ్డ తేడా వాటిలో బాగా బలమైనది. అదైనా, అమ్మ నుంచో నాన్న నుంచో వచ్చిన ఒక కాపీలో ఉంటే ముప్పును పెంచేది దాదాపు 1.4 రెట్లే. అది ఉండీ జీవితాంతం షుగర్ రానివాళ్లు బోలెడుమంది.

అపోహ: ఇంత చిన్న ప్రభావంతో ఏం ఒరుగుతుంది?

నాకు అన్నిటికంటే బాధ కలిగించే ప్రశ్న ఇది. హెచ్‌ఎంజీసీఆర్ అనే జన్యువునే తీసుకోండి. చాలామందిలో కనిపించే దాని తేడా వల్ల చెడు కొలెస్ట్రాల్ మారేది డెసీలీటరు రక్తానికి 2-3 మిల్లీగ్రాములే. ఆ జన్యువు తయారుచేసే ఎంజైమ్‌నే అడ్డుకునే స్టాటిన్ మాత్రలు మాత్రం అదే కొలెస్ట్రాల్‌ను 30 శాతం, కొందరిలో సగం దాకా తగ్గిస్తాయి. అంటే తేడా ప్రభావం చిన్నదైనంత మాత్రాన, అది చూపించే చోట మందు పనిచేయదని కాదు. చెడు కొలెస్ట్రాల్‌ను పెంచే పీసీఎస్‌కే9 అనే జన్యువు కథ ఇంకా గొప్పది. పుట్టుకతోనే ఆ జన్యువు ఒక కాపీ పనిచేయని నల్లజాతి అమెరికన్లలో గుండె జబ్బులు 88 శాతం తక్కువని 2006లో తేలింది. దాన్ని అడ్డుకునే ఇంజెక్షన్లు 2015లో అనుమతి పొందాయి.

అపోహ: ఇన్ని చోట్ల వెతికితే ఏదో ఒకటి తగలక మానదు.

నిజమే, అందుకే మా గీత అంత కఠినం. కేవలం యాదృచ్ఛికంగా అలాంటి ఫలితం వచ్చే అవకాశం 2 కోట్లలో 1 కన్నా తక్కువైతేనే లెక్కలోకి తీసుకుంటాం. ఆపైన వేరే జనంలోనూ అది నిలబడాలి.

అపోహ: జన్యు స్కోరు అందరికీ ఒకేలా వర్తిస్తుంది.

ఇలాంటి చిన్న చిన్న తేడాలన్నీ కలిపి ఒకరి ముప్పును అంచనా వేసే అంకే జన్యు స్కోరు. అది అందరికీ ఒకేలా వర్తించదు. ఇప్పటిదాకా పోగైన డేటాలో అత్యధికం ఐరోపా మూలాలున్నవాళ్లది. మేం గుర్తించే తేడా చాలాసార్లు అసలు కారణం కాదు, దాని పక్కన ఉండే గుర్తు మాత్రమే. ఆ ఇరుగుపొరుగు ఒక్కో జనసమూహంలో ఒక్కోలా ఉంటుంది కాబట్టి, ఆ స్కోరు మిగతావాళ్ల విషయంలో గురి తప్పుతుంది. ఇది అన్యాయం. అందరి నమూనాలూ చేరితే తప్ప సరికాదు.

అపోహ: ఇంట్లో చేసుకున్న టెస్టులో ఏమీ రాలేదు, ఇక బెంగలేదు.

రొమ్ము క్యాన్సర్ ముప్పు పెంచే బీఆర్‌సీఏ జన్యువుల్లో వేల రకాల హానికర మార్పులున్నాయి. అలాంటి టెస్టులు చాలావరకు చూసేది ముందే ఎంచుకున్న కొన్నింటినే. మీ అమ్మకో, పిన్నికో, మేనత్తకో చిన్న వయసులో ఆ క్యాన్సర్ వచ్చి ఉంటే, రిపోర్టు ఏం చెప్పినా ఆ సంగతి డాక్టరుకు చెప్పండి.