మెట్రిక్స్ కలిపే చోట లైసెన్స్ గొడవ: కార్టెక్స్ నుంచి మిమిర్ ఎందుకు విడిపోయింది?

సర్వర్లు, యాప్‌ల పనితీరు అంకెల్ని (మెట్రిక్స్) సేకరించే సాఫ్ట్‌వేర్ ప్రొమీథియస్; చాలా ప్రొమీథియస్‌ల డేటాను ఒకచోట కలిపేవి మిమిర్, థానోస్, కార్టెక్స్. ఏజీపీఎల్ లైసెన్స్ ఉన్న మిమిర్‌ని కంపెనీలో పెట్టుకోవచ్చా, లేక లీగల్ వాళ్ళు అడ్డు చెప్పని థానోస్‌తోనో కార్టెక్స్‌తోనో సరిపెట్టుకోవాలా అన్న వాదన మళ్ళీ రాజుకుంది. ప్రొమీథియస్ సౌండ్‌క్లౌడ్ అనే మ్యూజిక్ కంపెనీలో ఎలా పుట్టిందో ఈ రంగంలో అందరికీ తెలుసు, వదిలేద్దాం. ఇప్పటి గొడవకు కావాల్సింది ఒక్క సంగతి: దాన్ని కావాలనే ఒంటి సర్వర్‌గా కట్టారు. మనం మార్చకపోతే 15 రోజుల డేటానే ఉంచుకుంటుంది. పది క్లస్టర్లలో (సర్వర్ల గుంపుల్లో) పది ప్రొమీథియస్‌లు నడుస్తుంటే అన్నిటినీ ఒకే క్వెరీలో చూడడం, పాత డేటాను ఏళ్ళ తరబడి దాచడం వేరేవాళ్ళ పని అయింది.

ఆ పనిలోకి 2016లో వీవ్‌వర్క్స్ అనే కంపెనీ నుంచి కార్టెక్స్ వచ్చింది. అది అందరి డేటానూ తన పెద్ద క్లస్టర్‌లోకి రప్పించుకుంటుంది. 2017 చివర్లో లండన్‌లోని ఇంప్రాబబుల్ కంపెనీలో మొదలైన థానోస్ దారి వేరు: ప్రతి ప్రొమీథియస్ పక్కన ఒక సైడ్‌కార్ (తోడుగా నడిచే చిన్న ప్రోగ్రాం) పెట్టి, క్వెరీ వచ్చినప్పుడే కలుపుతుంది, పాత డేటా బ్లాకుల్ని ఆబ్జెక్ట్ స్టోరేజ్‌కి (ఫైళ్ళు దాచే క్లౌడ్ గోదాంకి) ఎక్కిస్తుంది. రెండూ అపాచీ 2.0 లైసెన్స్‌తో (మార్చి వాడుకున్నా ఆ మార్పుల్ని బయటపెట్టక్కర్లేదు) సీఎన్‌సీఎఫ్ అనే తటస్థ ఓపెన్ సోర్స్ సంస్థ గొడుగు కిందకు చేరాయి. కార్టెక్స్ బ్లాక్ స్టోరేజ్ థానోస్ కోడ్ మీద నిలబడితే, థానోస్‌లో క్వెరీల్ని ముందుగా అందుకునే భాగం (క్వెరీ ఫ్రంటెండ్) కార్టెక్స్ నుంచి వచ్చింది. పోటీలో ఉన్నవాళ్ళ మధ్య ఇంత ఇచ్చిపుచ్చుకోవడం అరుదు.

మిమిర్ వచ్చిన 2022 మార్చి 30నే చీలిక తేదీగా చెబుతుంటారు. అసలు మలుపు అంతకు 15 నెలల ముందుది. 2020 డిసెంబరులో అమెజాన్ తన మేనేజ్డ్ ప్రొమీథియస్ సర్వీసును (కస్టమర్ల కోసం తనే నడిపిపెట్టేది) ప్రకటించింది. లోపల ఉన్నది కార్టెక్స్. కార్టెక్స్‌ని మొదలుపెట్టిన ఇద్దరిలో ఒకరైన టామ్ విల్కీ 2018లోనే, మెట్రిక్స్‌ని గ్రాఫుల్లో చూపే గ్రఫానాను తయారుచేసే గ్రఫానా ల్యాబ్స్‌లో చేరాడు. ఆ తర్వాత వచ్చిన కోడ్‌లో ఎక్కువ భాగం గ్రఫానా జీతాలిచ్చి రాయించిందే. లైసెన్స్ ప్రకారం అమెజాన్ చేసినదాంట్లో తప్పేమీ లేదు. కానీ సొమ్మొకడిది సోకొకడిది అయినప్పుడు గ్రఫానాకు కడుపు మండిందంటే వింతేముంది?

2021 జనవరిలో ఎలాస్టిక్‌సెర్చ్ తయారుచేసే ఎలాస్టిక్ కంపెనీ ఇలాంటి ఫిర్యాదుతోనే అపాచీని వదిలి, ఓపెన్ సోర్స్ గడపే దాటేసింది. గ్రఫానా అంత దూరం పోలేదు. ఏప్రిల్ 20న తన ప్రాజెక్టులైన గ్రఫానా, లోకీ, టెంపోలను ఏజీపీఎల్‌కి మార్చింది, అదీ ఓపెన్ సోర్స్ లైసెన్సే. కార్టెక్స్ మాత్రం సీఎన్‌సీఎఫ్‌ది. దాని లైసెన్స్ మార్చడం గ్రఫానా చేతిలో లేదు, మిగిలింది ఫోర్క్ (కోడ్ కాపీ తీసుకుని వేరే ప్రాజెక్టుగా నడపడం) ఒక్కటే. అదే మిమిర్. అంతకుముందు డబ్బు కట్టినవాళ్ళకే ఇచ్చిన కొన్ని ఫీచర్లను కూడా అందులో పెట్టి, 100 కోట్ల యాక్టివ్ సిరీస్‌ల (ఒక్కో కొలతకు వచ్చే అంకెల వరస ఒక సిరీస్) దాకా నడుస్తుందని చెప్పింది.

తటస్థ సంస్థ చేతిలో ఉందన్న భరోసాతో కార్టెక్స్‌ని ఎంచుకున్నవాళ్ళకు ఇది మధ్యలో వదిలేసి పోవడమే అన్నది అవతలి వాదన.

ఏజీపీఎల్‌లో లీగల్ వాళ్ళకు టెన్షన్ పెట్టే షరతు ఇది: కోడ్ మార్చి, నెట్‌వర్క్ మీద సర్వీసుగా ఇస్తే ఆ మార్పుల్ని వాడేవాళ్ళకు ఇవ్వాలి. ఉన్నదున్నట్టు వాడుకునేవాళ్ళకు ఆ బాధ్యత లేదు. అయినా గూగుల్ లాంటి కంపెనీలు దాన్ని లోపలికే రానివ్వవు, మిగతాచోట్ల చాలామంది వాళ్ళను చూసి అదే రూల్ పెట్టుకున్నారు. లైసెన్స్ చదివి ఆ రూల్ పెట్టుకున్నవాళ్ళు తక్కువే అనిపిస్తుంది.

నిజమైన నష్టం ఇంకోచోట ఉంది. అపాచీ కోడ్ మిమిర్‌లోకి వెళ్ళగలదు, మిమిర్ కోడ్ అపాచీ ప్రాజెక్టులోకి తిరిగి రాలేదు. థానోస్ వాళ్ళు రాసిన క్వెరీ ఇంజిన్‌ని ఇవాళ కార్టెక్స్ వాడుకోగలుగుతోంది, మిమిర్ తనకు వేరే ఇంజిన్ రాసుకుంది. కార్టెక్స్‌ని చూసుకుంటున్నవాళ్ళలో ఇప్పుడు అమెజాన్ ఉద్యోగులున్నారు. దాన్ని పుట్టించిన వీవ్‌వర్క్స్ 2024లో మూతపడింది.